తాత, మామ, ఆ తర్వాత అమ్మ

ప్రాథమిక బడి గోడ మీద మొట్టమొదట కనబడే పటం ఏదో అందరికీ తెలుసు. అ పక్కన అమ్మ, ఆ పక్కన ఆవు, ఇ పక్కన ఇల్లు. నిజామాబాద్ పట్టణంలోనైనా, బోధన్ దాటి మహారాష్ట్ర సరిహద్దులోని సాలూరలోనైనా అదే పటం. ఒకటో తరగతి పిల్ల లేచి నిలబడి, వేలు పెట్టి, గొంతెత్తి 'అ... అమ్మ, ఆ... ఆవు' అని చదువుతుంది. టీచరు మెచ్చుకుంటుంది. ఇప్పుడు బొమ్మల మీద ఒక అట్టముక్క అడ్డం పెట్టి, మళ్లీ చదవమనండి. చాలా నోళ్లు మూతపడతాయి. అప్పటిదాకా వాళ్లు చదివింది బొమ్మను.

పిల్లల తప్పేం లేదు. 'అమ్మ' పలకడానికి ఎంత తేలికో చదవడానికి అంత తేలిక కాదు. అందులో రెండో అక్షరానికి మ ఒత్తు ఉంది. ఆ ఒత్తుకూ మ అనే అక్షరానికీ పోలికే లేదు. 'ఆవు'లోని వు పక్కన మ రాసి చూసుకోండి, తేడా ఎక్కడుందో చెప్పడానికి పెద్దవాళ్లం మనమే ఒక్క క్షణం పరీక్షగా చూడాలి. 'ఇల్లు'లో ఒక ఒత్తు, ఒక కొమ్ము. తెలుగు లిపిలో తర్వాతెప్పుడో రావాల్సిన చిక్కులన్నీ మొదటి రోజే, మొదటి మూడు మాటల్లోనే పిల్లల ముందు పెట్టేస్తున్నాం. బొమ్మ పక్కనే ఉంది కాబట్టి ఆ సంగతి బయటపడటం లేదు.

చుట్టరికాల పేర్లు వరసగా రాస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అమ్మ, అన్న, అయ్య, అత్త. నాలుగింటిలోనూ ఉన్నది అసలు అక్షరంతో పోలిక లేని ఒత్తే. అక్క, అవ్వ కొంత నయం. తలకట్టు తీసేసి చిన్నగా రాస్తే క ఒత్తు, వ ఒత్తు వచ్చేస్తాయి. తాత, మామ, బాపు అయితే ఏ ఒత్తూ లేకుండా నేరుగా నడిచిపోయే మాటలు. ప్రేమలో వరస ఏదైనా, చదవడం నేర్పే వరసలో మాత్రం తాత, మామ ముందు రావాలి. అమ్మ కాసేపు ఆగాలి.

ఇదేదో చిలిపి వాదం అనిపించవచ్చు. కానీ మూడో తరగతికి వచ్చినా రెండో తరగతి పాఠం చదవలేని పిల్లలు ఇంతమంది ఎందుకున్నారన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఇక్కడే ఉంది.

మాట్లాడటం ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా వస్తుంది. చదవడం అలా రాదు. మనిషి రాత కనిపెట్టి సుమారు ఐదు వేల ఏళ్లే అయింది. మెదడులో చదువు కోసమే ఒక భాగం పుట్టుకతో ఏర్పడటానికి ఆ కాలం ఏ మూలకూ చాలదు. అందుకని మెదడు ఉన్న సరంజామానే వాడుకుంటుంది. ఫ్రాన్స్ నాడీశాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహేన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాల్లో 63 మంది పెద్దవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి 2010లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లలో చదువు రానివాళ్లు, చిన్నప్పుడే నేర్చినవాళ్లు, పెద్దయ్యాక నేర్చినవాళ్లు ఉన్నారు. ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ప్రాంతంలో, ఎడమ వైపు వెనక, మెదడు అడుగున ఒక చిన్న చోటు ఉంది. చదువు వచ్చినవాళ్లలో ఆ చోటు అక్షరాలకు గట్టిగా స్పందిస్తోంది. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లలోనూ అంతే. మన దేశంలోనే, లక్నో దగ్గరి పల్లెల్లో చదువు రాని పెద్దవాళ్లకు ఆరు నెలల పాటు హిందీ చదవడం నేర్పి చేసిన మరో పరిశోధన 2017లో వెలువడింది. అంత కొద్ది కాలంలోనే వాళ్ల మెదడు లోపలి భాగాల మధ్య సంబంధాలు మారడం అందులో కనిపించింది.

బడికి దీనివల్ల తెలిసేదేమిటంటే, కంటితో రూపాన్ని పట్టే చోటుకూ చెవితో మాటను పట్టే చోటుకూ మధ్య దారి ప్రతి పిల్లలోనూ కొత్తగా వేయాల్సిందే. పైగా ఒక్క దారి వేస్తే సరిపోదు. నిజాంసాగర్ ఆయకట్టులో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేని సంగతే ఇది: పెద్ద కాలువ పక్కనుంచే పారుతున్నా, పిల్లకాలువ తీయని మడి ఎండిపోతుంది. క నేర్చినంత మాత్రాన కీ రాదు, కొ రాదు, క్ర రాదు. ఒక్కోదానికీ విడిగా చూపు, విడిగా సాధన కావాలి.

ఎన్ని రూపాలకు? ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మన పాత వర్ణమాలలో 56. అక్కడితో ఆగితే బాగుండేది. 36 హల్లుల్లో ఒక్కోదానికి గుణింతంలో పన్నెండు, పదమూడు రూపాలు వేసుకుంటే నాలుగు వందలు దాటుతాయి. వాటి మీద ఒత్తులు. ఒత్తు మీద గుణింతం. ఇన్నిటినీ విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు నిజమే, గుడి ఎక్కడున్నా గుడే. అయితే కి లో గుడి కూర్చునే తీరు వేరు, మి లో తీరు వేరు. పు లో కొమ్ము ఒక చోట ఉంటే కు లో ఇంకో చోట ఉంటుంది. నియమం తెలిసినంత మాత్రాన కన్ను ఊరుకోదు. ప్రతి రూపాన్నీ చూసి అలవాటు పడాలి.

యూరప్‌లో 13 భాషల పిల్లలు మొదటి ఏడాది చివర ఎంత చదవగలుగుతున్నారో పోల్చిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. ఫిన్నిష్ లాంటి భాషల్లో, అంటే రాసినట్టే పలికే భాషల్లో, పిల్లలు నూటికి తొంభైకి పైగా మాటలు సరిగ్గా చదివేశారు. ఇంగ్లీషు చదివే స్కాట్లాండ్ పిల్లలు తెలిసిన మాటల్లోనే మూడో వంతు దగ్గర ఆగిపోయారు. రాసినట్టే పలికే విషయంలో మన తెలుగు ఫిన్నిష్ పక్షమే. మరి మన పిల్లలు ఒకటో తరగతిలోనే ఎందుకు చదవలేరు? దీనికి జవాబు పొరుగింట్లో దొరికింది. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో బెంగళూరు కేంద్రంగా సోనాలి నాగ్ పరిశీలించి 2007లో ప్రచురించారు. అక్షరాలన్నిటి మీదా పట్టు రావడానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా, కొందరికి ఆపైన కూడా పడుతోందని ఆమె తేల్చారు. ఒక పదాన్ని అక్షరాలుగా విడగొట్టడం పిల్లలకు తొందరగా వస్తుంది. అక్షరంలోని హల్లును, అచ్చును వేరు చేయడం చాలా ఆలస్యంగా వస్తుంది.

ఆ రెండోది ఎందుకంత కష్టమో ఒక ఊరి పేరు మీద చూద్దాం. రుద్రూరు. బోధన్ ప్రాంతపు రైతులకు చెరుకు, వరి పరిశోధన కేంద్రం ఉన్న ఊరుగా తెలుసు. అందులో రెండో అక్షరం ద్రూ. ఎడమ నుంచి కుడికి పోతున్న కన్నుకు ద కనబడుతుంది, దాన్ని అంటుకునే కొమ్ము దీర్ఘం కనబడుతుంది. అప్పుడే నోరు 'దూ' అనడానికి సిద్ధపడుతుంది. అనకూడదు. ర ఒత్తును చూడాలి. ద లోపలి అకారాన్ని తీసేయాలి. ర ను దానికి తగిలించాలి. అప్పుడు వెనక్కి వచ్చి, ద మీద ఉన్న దీర్ఘాన్ని ర కు పలకాలి. రాసిన వరస ఒకటి, పలికే వరస ఇంకొకటి. రెండో తరగతి పిల్లవాడు దాన్ని 'రుదూరు' అని చదివాడంటే, చూసిన వరసలోనే పలికాడన్న మాట. బుద్ధి లేక కాదు. 'సరిగ్గా చూసి చదువు' అని గద్దిస్తే ఉపయోగం లేదు, వాడు సరిగ్గానే చూశాడు. ముందు ద్ర, తర్వాత ద్రా, ద్రి, ద్రూ అని విడదీసి చూపించినవాళ్లే నేర్పినవాళ్లు.

ఊరి పేర్లు ఇందుకు భలే పనికొస్తాయి. బస్సు బోర్డుల మీద పిల్లలు రోజూ చూసేవే. కోటగిరి, సాలూర, నవీపేట తేలిక, ఒత్తే లేదు. రెంజల్, బోధన్ చదవాలంటే పొల్లు తెలియాలి. ఎడపల్లి, వర్నికి వచ్చేసరికి ఒత్తు. మాక్లూర్, రుద్రూరు చివర. డబ్బు ఖర్చు లేని, బజారులో కొననక్కర్లేని పాఠ్యక్రమం.

ఇక గుణింతం పాట. క కా కి కీ కు కూ అని తరగతంతా ఊగుతూ చెబుతుంటే వినడానికి బాగుంటుంది, బడి నడుస్తున్నట్టు కూడా ఉంటుంది. అదే పిల్లకు కె చూపించి 'ఇదేందిరా బిడ్డా?' అని అడగండి. వేళ్లు కదులుతాయి. లోలోపల క నుంచి మొదలుపెట్టి కా, కి, కీ అనుకుంటూ వచ్చి కె దగ్గర ఆగి అప్పుడు చెబుతుంది. జవాబు సరైనదే. కానీ ఒక్కో అక్షరానికి అంత దూరం నడిచి రావాలంటే పదం ఎప్పటికి పూర్తవుతుంది? పాట చెవికి వచ్చింది, కంటికి రాలేదు. నేను గుణింతం పాటకు వ్యతిరేకిని కాను. శబ్దాల వరస మనసులో ఉండటం మంచిదే. అయితే పాట అయ్యాక వరస చెడగొట్టి అడగాలి. కో, కి, కౌ, కా. తర్వాత అదే దీర్ఘాన్ని వేరే హల్లుల మీద పెట్టి అడగాలి. పా, తా, మా, లా. క గుణింతం మొత్తం అయ్యాకే గ గుణింతం అనే పద్ధతి కంటే, ఒక్క దీర్ఘాన్ని పది హల్లులకు తగిలించడం మేలు. అప్పుడే ఆ గీత చేసే పనేమిటో పిల్లలకు అర్థమవుతుంది.

రాయడం సంగతి కూడా చెప్పుకోవాలి. గోదావరి దాటితే బాసర. నిజామాబాద్ జిల్లాలో అక్షరాభ్యాసం కోసం అక్కడికి తీసుకుపోని ఇల్లు అరుదు. పూజారి పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిద్దిస్తాడు. బడిలో కూడా మొదటి నెలలు దిద్దుడే. చుక్కల మీద, టీచరు రాసిన అక్షరం మీద పదే పదే. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కారిన్ జేమ్స్ ఇంకా చదువు రాని ఐదేళ్ల పిల్లలతో కొందరిచేత అక్షరాలు చూసి సొంతంగా రాయించి, కొందరిచేత దిద్దించి, కొందరిచేత కీబోర్డు మీద కొట్టించి, ఆ తర్వాత మెదడు స్కాన్ చేశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, అక్షరం చూసినప్పుడు చదివే యంత్రాంగం మేల్కొన్నది సొంతంగా రాసిన పిల్లల్లోనే. వంకరటింకరగా రాసినా సరే. దిద్దడంలో చెయ్యి గీతను అనుసరిస్తుంది. సొంతంగా రాసేటప్పుడు ఆ గీత ఎటు తిరగాలో మనసు ముందుగా ఊహించాలి. అక్షరాభ్యాసం పండుగగా జరుపుకోవడంలో తప్పు లేదు, బడిలో మాత్రం దిద్దుడు రెండు మూడు రోజుల్లో ముగించి పలక పిల్లల చేతికి వదిలేయాలి. అంకెలకూ అక్షరాలకూ కాపీ పుస్తకాల మీద పెట్టే డబ్బుతో బోలెడు బలపాలు వస్తాయి.

'మరి అక్షరాలన్నీ రాకుండా పదాలెట్ల సదువుతరు సార్?' అని తల్లిదండ్రులు అడుగుతారు. కొందరు టీచర్లూ అడుగుతారు. ఐదు అక్షరాలతో చూపిస్తాను: ప, ల, క, డ, వ. వీటితో పలక, పడవ, కడవ, కల, వల, వడ, పడక, కలప, కడప. తొమ్మిది మాటలు, అన్నీ అర్థం ఉన్నవే, అన్నీ బొమ్మ లేకుండా చదవగలిగేవే. వారం రోజుల పని. తర్వాతి వారం దీర్ఘం ఒక్కటి చేర్చండి. పాక, వాడ, కాలవ, కాడ, కాక వచ్చేస్తాయి. గుడి చేర్చితే పిలక, కిలకిల, వాకిలి. అచ్చుల్లో అ, ఆ, ఇ మొదట చాలు. తెలుగులో అచ్చు అక్షరం అచ్చుగా కనబడేది దాదాపుగా పదం మొదట్లోనే. పదం లోపలంతా గుణింతమే. అయినా మనం అచ్చులన్నిటితో నెలన్నర గడిపి, ఋషి, ఔషధం అంటూ ఊరిలో ఎవరి నోటా వినబడని మాటలు నేర్పి, అప్పుడు హల్లుల దగ్గరికి వస్తాం. అవి పూర్తయ్యేలోపు దసరా సెలవులు వచ్చేస్తాయి.

నేర్చుకున్న మొదటి వారంలోనే ఒక మాటను సొంతంగా కూడబలుక్కుని చదివి, ఆ మాట తనకు తెలిసిందేనని గుర్తుపట్టిన పిల్ల ముఖం టీచర్లకు బాగా తెలుసు. అక్కడినుంచి పిల్లను బడికి రమ్మని బతిమాలాల్సిన పని తగ్గుతుంది.

చదవడం వచ్చాక వేగం సంగతి. 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. వేగం ఎందుకు, పరుగు పందెమా అని కొట్టిపారేయడానికి లేదు. విన్న శబ్దాన్ని మళ్లీ మళ్లీ అనుకోకుండా మనసులో నిలుపుకోగలిగేది రెండు సెకన్ల పాటు. 'తాత చెరుకు తోటకు పోయి సాయంత్రం ఇంటికి వచ్చాడు' అనే వాక్యంలో ఏడు మాటలు. మాటకు ఐదు సెకన్లు తీసుకునే పిల్ల 'వచ్చాడు' దగ్గరికి చేరేసరికి ముప్ఫై సెకన్లు దాటిపోతాయి. ఎవరు వచ్చారు? తాత ఎప్పుడో జారిపోయాడు. అన్ని అక్షరాలూ తప్పు లేకుండా పలికి, 'ఏం చదివినవ్?' అంటే బిక్కమొహం వేసే పిల్లల సమస్య ఇదే. తెలివి తక్కువ కాదు, నడక తక్కువ.

కానీ పదాల లెక్కను తెలుగుకు వర్తింపజేసేటప్పుడు కొంచెం జాగ్రత్త పడాలి. 'చదువుకుంటున్నాడు' అనేది మనకు ఒక్క మాట. అందులో ఏడు అక్షరాలు, ఒక ఒత్తు, మూడు కాదు నాలుగు కొమ్ములు, ఒక సున్న. ఇంగ్లీషులో అదే సంగతికి మూడు పొట్టి మాటలు సరిపోతాయి. నిమిషానికి ముప్ఫై తెలుగు మాటలు చదివిన పిల్ల, నిమిషానికి యాభై ఇంగ్లీషు మాటలు చదివిన పిల్ల కంటే వెనకబడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో, దాదాపు పదివేల బడుల్లో మూడో తరగతి పిల్లల పఠన సామర్థ్యాన్ని పరీక్షించినప్పుడు ఏ భాషకా భాషకు విడిగా గీటురాళ్లు పెట్టింది. సరైన పనే చేసింది.

ఇప్పుడు దేశం లెక్కలు. ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో చేసే అసర్ సర్వే 2024 ప్రకారం ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 23.4 మంది. 2022లో, కరోనా సెలవుల తర్వాత, అది 16.3 కు పడిపోయింది. ఐదో తరగతిలో 44.8. అంటే ఐదేళ్లు బడికి వచ్చిన పిల్లల్లో సగానికి పైగా ఆ చిన్న కథను గడగడా చదవలేరు. ఆ పరీక్ష మహా తేలిక. అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక కథ. పిల్లవాడు ఎక్కడ ఆగితే అదే అతని స్థాయి.

పరీక్ష పెట్టి స్థాయి చెబితే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన ప్రయోగాల్లో మన నిజామాబాద్ జిల్లాకు కూడా భాగం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2005 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఐదు జిల్లాల బడుల్లో పెద్ద ఎత్తున అధ్యయనాలు చేశారు. అందులో ఒకదానిలో వంద బడుల టీచర్లకు ఏ పిల్లకు ఏం వచ్చో, ఏం రాదో వివరంగా నివేదికలు ఇచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు కొంచెం ఎక్కువ శ్రద్ధగా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. తూకం వేస్తే గొర్రె బలవదని మన రైతులకు తెలుసు, విద్యాశాఖ ఫారాలకే ఇంకా తెలిసినట్టు లేదు. స్థాయి తెలిశాక ఆ స్థాయి నుంచి నేర్పడానికి వేళ కావాలి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను చూసే మండల పరిషత్ బడిలో దొరకనిది ఆ వేళే.

ఉత్తరప్రదేశ్‌లో 2013-14లో ప్రథమ్ మరో దారి పట్టింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను తరగతిని బట్టి కాక చదివే స్థాయిని బట్టి గుంపులు చేసి, పదేసి లేదా ఇరవయ్యేసి రోజుల శిబిరాలు పెట్టి, మొత్తం 50 రోజులు నేర్పింది. పేరా గానీ కథ గానీ చదవగలిగిన పిల్లల సంఖ్య మిగతా బడులతో పోలిస్తే దాదాపు రెట్టింపు అయింది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలోనూ ఒకటి నుంచి ఐదు తరగతులకు ఇదే ఆలోచన ఉంది. ముందు పరీక్ష, తర్వాత స్థాయిని బట్టి బోధన. కాగితం మీద బాగుంది. ఐదో తరగతి పిల్లవాడిని రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి పలక ఇస్తే వాడి మనసు ఎంత చిన్నబుచ్చుకుంటుందో ఆలోచించి చేసినచోటే అది నిలబడుతుంది.

తల్లిదండ్రుల దృష్టి మాత్రం ఇంగ్లీషు మీదే. గల్ఫ్‌లో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో అడిగేది 'ఇంగ్లిష్ మాట్లాడుతున్నవా బిడ్డా?' అనే. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. దీని మీద కూడా మురళీధరన్, సుందరరామన్ చేసిన ఇంకో అధ్యయనం పనికొస్తుంది. 180 గ్రామాల్లో లాటరీ తీసి, ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి, నాలుగేళ్లు గమనించారు. ఇందులోనూ నిజామాబాద్ ఉంది. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ప్రైవేటు పిల్లలు ముందుకు పోలేదు. హిందీలో పోయారు, ఎందుకంటే అక్కడ హిందీకి పీరియడ్ ఉంది. ప్రైవేటు బడిలో ఖర్చు తక్కువ, తెలుగుకు కేటాయించే సమయం కూడా తక్కువ, అయినా వెనకబడలేదన్నది వాళ్లకు మంచి మార్కే. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారిన పిల్లలకు ఆ మార్పు మేలు చేయలేదేమో అనిపించే సూచనలు కూడా అందులో ఉన్నాయి. ఒక లిపిలో కూడబలుక్కోవడం వచ్చిన పిల్లకు రెండో లిపి తొందరగా పట్టుబడుతుంది. రెండూ ఒకేసారి సగం సగం వస్తే ఏదీ నిలవదు. ఎదురెదురు పేజీలు టీచరుకు సౌకర్యం, పిల్లలకు కాకపోవచ్చు.

బోధన్ లాంటి చోట తెలుగు కూడా అందరికీ ఇంటి భాష కాదు. ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఉర్దూ మీడియం బడిలో కష్టం వేరే రకం. ఆ లిపిలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు, మాట ముందే తెలిసి ఉంటేనే చదవగలం. తెలుగు లిపి అన్నీ రాసి చూపిస్తుంది, కాబట్టి మాట తెలియకపోయినా పైకి చదవొచ్చు. అదే ప్రమాదం కూడా. లంబాడీ పిల్ల 'కడవ' అని చక్కగా చదివి కూర్చుంటుంది, కడవ ఏదో తెలియదు. ఆమెకు ముందు మాట నేర్పాలి, తర్వాత అక్షరం.

నిజాం కాలంలో ఇక్కడ చదువంటే ఉర్దూయే. బోధన్‌లో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టిన 1937లోనే, నిజామాబాద్ పట్టణంలో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. పిల్లలకు మాతృభాషలో చదువు అన్నది ఆ సభలన్నిటిలో నలిగిన కోరికే. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మాతృభాషలో చదువైతే వచ్చింది, వచ్చిన భాష మాత్రం పూర్తిగా ఇంటి భాష కాదు.

పుస్తకంలో 'వచ్చాడు' అని ఉంటుంది. పిల్లవాడు దాని మీద వేలు పెట్టి 'అచ్చిండు' అంటాడు. తప్పు చదివాడని కొట్టేసే ముందు ఒక్క క్షణం ఆగాలి. వాడు అక్షరాలను చూశాడు, మాటను పట్టుకున్నాడు, దాని అర్థాన్ని తన ఇంటి మాటలో చెప్పాడు. అర్థం కాకుండా 'వ-చ్చా-డు' అని పలికినవాడి కంటే వీడే ఒక మెట్టు పైన ఉన్నాడు. ఇంకో విశేషం. ఇంటి మాట రాయడానికి కూడా చాలాసార్లు తేలిక. 'వెళ్లాడు'లో ఒత్తు ఉంది, 'పోయిండు'లో లేదు. 'కూర్చున్నాడు'లో రెండు ఒత్తులు, 'కూసుండు'లో ఒక్కటీ లేదు. 'ఆడుతున్నాడు'లో ఒకటి, 'ఆడుతుండు'లో సున్నా. అన్ని చోట్లా ఇలా ఉండదు. 'కోశాడు' అన్నా 'కోసిండు' అన్నా ఒత్తు లేదు, 'అస్తుండు'లో ఒత్తు తప్పదు. కానీ కథల్లో ఎక్కువగా దొర్లే క్రియలు తీసుకుంటే లెక్క ఇంటి మాట వైపే మొగ్గుతుంది.

కాబట్టి ఒకటో తరగతిలో నల్లబల్ల మీద 'తాత చెరుకు కోసిండు. మామ బండి నింపిండు. బాపు బండి తోలిండు. పిలగాడు ఎనక కూసుండు' అని రాస్తే కొంపలేం అంటుకోవు. ఒక్క ఒత్తు లేదు, అర్థం కాని మాట లేదు, బొమ్మ అక్కర్లేదు. రెండో తరగతి మధ్యలో అదే కథ పక్కన పుస్తకం భాషలో ఇంకోసారి రాసి, రెండూ చదివించి, తేడా పిల్లల చేతనే చెప్పించవచ్చు. పుస్తకం భాష అక్కడినుంచి మొదలవుతుంది. దానికోసం ఒత్తులు కావాలి, వాటికీ ఒక వరస పెట్టుకోవాలి. వర్ణమాల వరస కాదు, వాడుక వరస. ముందు న ఒత్తు, ఎందుకంటే ఉన్నాడు, తిన్నాడు, చూస్తున్నాడు అన్నీ దాని మీదే నడుస్తాయి. తర్వాత చ్చ, ల్ల, ట్ట, స్త. ఆ వెంటనే మ్మ, త్త, క్క, ర ఒత్తు. ఈ పది లోపు ఒత్తులు కంటికి అలవాటైతే పిల్లల కథల పుస్తకం చాలామటుకు ఆగకుండా సాగుతుంది. జ్ఞ, హ్మ లాంటివి నాలుగో తరగతి దాకా రాకపోయినా కొంప మునగదు.